లీడరు డబ్బు తినేసిందా? ఉద్దానంలో ఒక పొదుపు సంఘం కేసు

ఫిర్యాదు చిన్నదే. లీడరు మూడు నెలల కిస్తీలు వసూలు చేసింది, బ్యాంకులో కట్టలేదు, డబ్బు తినేసింది, ఆమెను తీసేయాలి. గ్రామ సంఘం (ఊళ్లోని పొదుపు సంఘాలన్నింటి సమాఖ్య) వాళ్లు ఇదంతా తీర్మానాల పుస్తకంలో రాసుకుని, పోలీసుల దాకా వెళ్లేముందు ఒకసారి మీరు మాట్లాడి చూడండి అంటూ మాకు కబురు పెట్టారు. నేను ఎం.ఎస్.డబ్ల్యూ. చదివి, శ్రీకాకుళం జిల్లాలో మహిళా సంఘాలతోనూ కిడ్నీ రోగుల కుటుంబాలతోనూ పనిచేస్తున్న సోషల్ వర్కర్ని. ఊరు ఉద్దానం అనే తీర ప్రాంతంలో, సోంపేటకీ కవిటికీ మధ్య ఉంటుంది, అంతకుమించి ఆనవాలు ఇవ్వను. పేర్లు కూడా రాయను. లీడరు, అత్త, మరిది, పుస్తకాలు రాసే అమ్మాయి, ఇలా వాళ్ల స్థానాలతోనే చెబుతాను. గొడవంతా ఆ స్థానాల మధ్యే కాబట్టి ఇలా చెబితేనే కేసు బాగా అర్థమవుతుంది.

సంఘంలో 12 మంది సభ్యులు. ఇది పాత సంఘం, డ్వాక్రా రోజుల్లో పుట్టింది. 2000లో పేదరిక నిర్మూలన కోసం పెట్టిన వెలుగు ప్రాజెక్టు మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అందువల్ల మా వైపు చాలా ఊళ్లలో సంఘాలకు ఇప్పుడు రెండో తరం వచ్చేసింది. అత్తలు పెట్టిన సంఘాల్లో కోడళ్లు లీడర్లయ్యారు. ఈ కేసు అలాంటిదే. అత్త వ్యవస్థాపక సభ్యురాలు. పెద్ద కోడలు పదో తరగతి చదివింది, లెక్క తెలుసు, బ్యాంకులో మాట్లాడగలదు, అందుకని లీడరైంది.

ఒక కుటుంబం నుంచి ఒక్కరే సంఘంలో ఉండాలన్నది అందరికీ తెలిసిన నియమం. మరి అత్తాకోడళ్లిద్దరూ ఎలా ఉన్నారు? రేషన్ కార్డు విడిపోయింది. కాగితం మీద రెండు కుటుంబాలు. పొయ్యి మాత్రం ఒకటే, వాకిలి ఒకటే, కొబ్బరి తోట ఒకటే. మా జిల్లాలో ఇది మామూలు విషయం, ఎవరూ తప్పుగా చూడరు. నేనూ తప్పని అనడం లేదు. కాకపోతే ఈ కేసుకు సగం మూలం అక్కడే ఉంది.

ముందు డబ్బు సంగతి తేల్చాలి. మనస్తత్వాలూ సంబంధాలూ తర్వాత. బ్యాంకు పాస్‌బుక్కు, సంఘం మినిట్స్ పుస్తకం, సభ్యుల చేతిలో ఉండే చిన్న పాస్‌బుక్కులు మూడూ పక్కపక్కన పెట్టి గ్రామ సంఘం లెక్కలు చూసే ఆమెతో కూర్చున్నాను. వసూలు నిజం. మూడు నెలలూ అందరూ కట్టారు, ఇద్దరు మాత్రం కొంచెం ఆలస్యంగా కట్టారు. బ్యాంకులో మొదటి నెలది సగం పడింది, మిగతా రెండు నెలలవి అసలు పడలేదు. బ్యాంకు దృష్టిలో ఇది 12 మంది కలిసి తీసుకున్న అప్పు, కాబట్టి ఓవర్‌డ్యూ (గడువు దాటిన బాకీ) కూడా 12 మందిదీ. గడువులోగా కట్టే సంఘాలకే వర్తించే సున్నా వడ్డీ రాయితీ పోతుందని సభ్యులకు భయం. కోపం ఊరికే రాలేదు.

డబ్బు ఎక్కడికి పోయిందో లీడరు మొదట చెప్పలేదు. "నానే వాడీసినాను మేడం, కట్టీస్తాను" అంది. ఎక్కడ వాడావంటే మాట లేదు. ఆ ఇంట్లో కొత్త వస్తువేదీ కనబడలేదు. మెడలో పసుపుతాడే ఉంది, పుస్తెల గొలుసు అప్పటికే తాకట్టులో ఉంది. తినేసిన మనిషి వాలకం కాదది.

అసలు సంగతి మరిది నోటి వెంటే వచ్చింది, అదీ నేను అడక్కుండానే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. చాలామంది మగవాళ్లు చెన్నైకో హైదరాబాదుకో విశాఖకో పనికి వెళ్లిపోయారు. ఈ మరిది వెళ్లలేదు, జీడి పిక్కల వ్యాపారంలోకి దిగాడు. మార్చి నుంచి మే దాకా రైతుల దగ్గర 80 కిలోల బస్తా లెక్కన పిక్కలు కొని పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీలకు వేయడం. ఈ వ్యాపారంలో రైతుకు రొక్కం వెంటనే ఇవ్వాలి, ఫ్యాక్టరీ వాళ్ల నుంచి మాత్రం డబ్బు మెల్లగా వస్తుంది. ఆ నడుమ నాలుగు రోజులకు చేతిలో డబ్బుండాలి. వదిన దగ్గర ప్రతి నెలా సంఘం కిస్తీ డబ్బు ఒకటి రెండు రోజులు ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. "వదినా, రెండు రోజుల్లో ఇచ్చీస్తాను." మొదటిసారి ఇచ్చేశాడు కూడా. ఆ సీజన్లో పిక్కల ధర పడిపోయి డబ్బు ఇరుక్కుంది.

నాతో ఆయన ఈ మాట చాలా మామూలుగా చెప్పాడు. దొంగతనం చేశానన్న భావన లేదు. ఇంటి పెద్ద కోడలి దగ్గర ఉన్న డబ్బు ఇంటి డబ్బే. పైగా, "అన్నయ్యకి పింఛను వస్తంది కదా, అందులోంచి సర్దుతాది అనుకున్నాను" అన్నాడు. ఆ పింఛను సంగతి తర్వాత చెబుతాను.

ఇక్కడ కొంచెం సిద్ధాంతం అవసరం. ఇంటర్ సోషియాలజీ పుస్తకంలో అంతస్తు, పాత్ర అనే పాఠం అందరూ బట్టీ పట్టినదే. 1936లో రాల్ఫ్ లింటన్ అనే మానవశాస్త్రవేత్త ఈ రెండింటినీ విడదీశాడు. సమాజంలో మనిషి ఉన్న స్థానం, దానితో వచ్చే హక్కులు, బాధ్యతలు కలిసి అంతస్తు. వాటిని ఆచరణలో పెట్టడం పాత్ర. పుట్టుకతో, వయసుతో, ఆడా మగా అనే తేడాతో వచ్చేవి ఆపాదిత అంతస్తులు. కష్టపడి, చదివి, పోటీలో నెగ్గి తెచ్చుకునేవి ఆర్జిత అంతస్తులు. పరీక్షలో ఇక్కడిదాకా రాస్తే మార్కులు పడతాయి. ఫీల్డులో అసలు పని ఇక్కడి నుంచే మొదలవుతుంది, ఎందుకంటే ఒకే మనిషిలో ఈ రెండూ ఒకేసారి, ఒకే వాకిట్లో ఉంటాయి.

లీడరు పదవి ఆమె ఆర్జించుకున్నది. పెద్ద కోడలు అన్నదాన్ని పుస్తకం ప్రకారం ఎక్కడ వేయాలో నాకు ఇప్పటికీ సందేహమే. పుట్టుకతో వచ్చింది కాదు, అలాగని ఆమె ఎంచుకున్నదీ కాదు. పెద్ద కొడుకుకి ఇచ్చి చేశారు, పెద్ద కోడలైంది. ఏదేమైనా దాని బలం ముందు లీడరు పదవి నిలబడలేదు. సంఘం లీడరుగా ఆమె "ఇది 12 మంది డబ్బు, ఇవ్వను" అనాలి. పెద్ద కోడలిగా "సరే బాబూ, తీసుకో" అనాలి. ఒక పాత్ర నిలబెట్టుకుంటే రెండోది చెడుతుంది. పాత్రల సంఘర్షణ అని పుస్తకాలు చెప్పేది దీన్నే. సభ్యులకు మాత్రం అది ఆమె గుణంలో లోపంగా కనబడింది. ఆ స్థానంలో ఇంకో పెద్ద కోడల్ని కూర్చోబెట్టినా, మరిదికి డబ్బు అవసరం పడిన రోజు ఇదే జరిగేదని నా అంచనా. నేను ఈ కేసు రాస్తున్నది ఆ ఒక్క మాట కోసమే.

మొదటి మీటింగుకి వెళ్లినప్పుడు నేను మాటలకన్నా కూర్చునే తీరే ఎక్కువ చూశాను. మీటింగు లీడరు ఇంటి వరండాలో జరుగుతుంది. అత్త నవ్వారు మంచం మీద కూర్చుంది. సొంత వీధి ఆడవాళ్లు చాప మీద, గోడకు ఆనుకుని కూర్చున్నారు. కింద వీధి నుంచి వచ్చే ముగ్గురు మెట్ల మీదే ఉన్నారు, చాప దాకా రాలేదు. లీడరు అసలు కూర్చోలేదు. టీ పెట్టడానికి లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంది. పుస్తకాలు రాసే అమ్మాయి ఎవరెంత కట్టారో చదువుతుంటే లీడరు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, చీర చెంగుతో గిన్నె పట్టుకుని వింటోంది. ఒక సభ్యురాలు వరసగా రెండు నెలలు ఆలస్యం చేసిందని అమ్మాయి చదివినప్పుడు లీడరు నోరు తెరిచేలోపే మంచం మీద నుంచి అత్త, "పోనీలే, అది మన సిన్నమ్మ కూతురు" అంది. విషయం అక్కడితో ముగిసింది.

ఎజెండా ఏదైనా, ఆ వరండాలో పెద్దరికం అత్తది, ఇల్లాలితనం కోడలిది. లీడరు అనే స్థానం కాగితం మీద తప్ప ఆ గదిలో ఎక్కడా లేదు.

సమూహాల గురించి సమాజశాస్త్రవేత్త చార్లెస్ కూలీ 1909లో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. కుటుంబం, ఆటల తోటివాళ్లు, ఇరుగుపొరుగు లాంటి ముఖాముఖి సమూహాలను ఆయన ప్రాథమిక సమూహాలన్నాడు. ఒక పని కోసం, నియమాలతో, రిజిస్టర్లతో నడిచే సమూహాలను తర్వాతి వాళ్లు ద్వితీయ సమూహాలన్నారు. పొదుపు సంఘం రూపంలో రెండో రకం. తీర్మానం, కోరం, అపరాధ రుసుం, పంచసూత్రాలు (మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, వాపసు, పుస్తకాల నిర్వహణ) అన్నీ ఉన్నాయి. ఉన్న మనుషులు మాత్రం అత్తాకోడళ్లు, వదినామరదళ్లు, పక్కింటివాళ్లు. సంఘాలు నిలబడటానికి కారణమే ఈ దగ్గరితనం. పరువు పోతుందనే భయమే హామీ, అందుకే బ్యాంకు వీళ్లకు పూచీకత్తు లేకుండా అప్పిస్తుంది. 1992లో వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టినప్పుడు నమ్ముకున్నది ఈ బలాన్నే. అప్పు వసూలుకి సాయపడే ఆ చుట్టరికమే లెక్క అడగడానికి అడ్డం పడుతుంది. రెండూ కలిసే వస్తాయి, ఒకటి ఉంచుకుని రెండోది వద్దనుకుంటే కుదరదు. మెట్ల మీద కూర్చున్న ముగ్గురికి మాత్రం చుట్టరికపు లాభం లేదు, బాధ్యత మాత్రం ఉంది. ఫిర్యాదు ముందుగా వచ్చింది వాళ్ల నుంచే. అందులో ఆశ్చర్యం ఏముంది?

ఇప్పుడు పింఛను. లీడరు భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ వాక్యానికి వివరణ అక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు, రానూపోనూ కలిపితే రోజు పోయినట్టే. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తుంది. అది లేకపోతే ఈ కుటుంబాలు ఏమైపోయేవో.

రోగి పాత్ర గురించి ఇంకో సమాజశాస్త్రవేత్త టాల్కాట్ పార్సన్స్ 1951లో చెప్పినదాని ప్రకారం జబ్బు పడిన మనిషిని మామూలు బాధ్యతల నుంచి తప్పిస్తాం, జబ్బుకి అతన్ని నిందించం. బదులుగా అతను కోలుకోవాలనుకోవాలి, వైద్యుడి మాట వినాలి. జ్వరానికి ఇది చక్కగా సరిపోతుంది. డయాలసిస్‌కి సరిపోదు. కోలుకోవడం అనేదే లేనప్పుడు మినహాయింపుకీ ముగింపు ఉండదు. భర్త మీద నుంచి దిగిన పనులు ఎటూ పోలేదు, అన్నీ భార్య నెత్తిన పడ్డాయి. తోట చూడటం, అప్పులవాళ్లతో మాట్లాడటం, ఆసుపత్రికి తీసుకెళ్లడం, నీళ్లు ఎన్ని తాగాడో లెక్క చూడటం. ఆయనకు రోగి అనే పేరు మిగతా పేర్లన్నింటినీ మింగేసింది. ఇంటి పెద్ద, పెద్ద కొడుకు, తోట రైతు, ఏదీ మిగల్లేదు. అన్నిటినీ మించిపోయే ఇలాంటి ఒక్క అంతస్తు గురించి ఎవరెట్ హ్యూస్ 1945లోనే రాశాడు.

అయితే నెలనెలా పింఛను రావడంతో ఒక చిక్కు వచ్చింది. పని చేయలేని మనిషి ఇంట్లో అందరికన్నా ఖచ్చితమైన ఆదాయం తెచ్చేవాడయ్యాడు. తమ్ముడి లెక్కలో అది ఇంటి డబ్బు. భార్య లెక్కలో ఆటో ఖర్చు, ఇంజెక్షన్లు, పథ్యం. ఆయన లెక్క ఏమిటో అడిగాను. మంచం మీద పడుకుని, "నాకేటి తెలుసు, దాని సేతికే ఇచ్చీసినాను" అన్నాడు. ఇంట్లో ఆయన మాటకు అంతకుముందు ఎంత విలువ ఉండేదో పక్కింటివాళ్లు చెప్పారు కాబట్టి ఆ సమాధానం నన్ను కాసేపు కదలనివ్వలేదు.

లీడరు మీద ఒత్తిడి ఒక్క మరిది వైపు నుంచే కాదు. లీడరు అనే ఒక్క స్థానానికే ఎంతమందితో లెక్క ఉంటుందో ఆమె చేతే గీయించాను. మధ్యలో ఒక సున్నా, చుట్టూ గీతలు. బ్యాంకు ఆఫీసరు తేదీ దాటకుండా కట్టమంటాడు. సభ్యులు కొంచెం ఆగమంటారు. గ్రామ సంఘం మీటింగుకు రావాలి. సంఘాల పని చూసే ఉద్యోగి సీసీ ఫోన్ చేసి రేపు మండలంలో మీటింగు ఉంది, పది మందిని తీసుకురా అంటాడు. ఆ రోజు డయాలసిస్ రోజైతే? రాబర్ట్ మెర్టన్ 1957లో దీన్ని పాత్రల సమితి అన్నాడు. ఒక స్థానంలో ఉన్న మనిషికి ఒక్కరితో కాదు, ఒక గుంపుతో సంబంధం, గుంపులో ఒక్కొక్కరి ఆశ ఒక్కో రకం. ఆమె గీతలు గీసి, కాగితం తిప్పి చూసి, "ఇందులో నాను ఎక్కడున్నాను?" అని అడిగింది. మధ్యలో సున్నా చూపించాను. నవ్వింది. నేను వెళ్లాక మొదటిసారి ఆమె నవ్వడం అదే.

ఇక చేసిన పనులు. కౌన్సెలింగ్ అంటే అందరినీ కూర్చోబెట్టి మంచిమాటలు చెప్పడం అనుకునేవాళ్లకు ఇవి చప్పగా అనిపించవచ్చు.

మీటింగు వరండా నుంచి అంగన్‌వాడీ కేంద్రానికి మారింది. అక్కడ ఎవరూ ఇల్లాలు కాదు, టీ పెట్టే పని లేదు, నవ్వారు మంచం లేదు. ఒకే జంపఖానా, అందరూ దాని మీదే. కింద వీధి ముగ్గురు మొదటిసారి అంచున కూర్చున్నారు, తర్వాత సర్దుకున్నారు. అత్త రెండు మీటింగులకు మోకాళ్ల నొప్పులని రాలేదు. ఆవిడ అలక అందరికీ అర్థమైంది. కుర్చీ వేద్దామని ఎవరో అంటే నేనే వద్దన్నాను, నొప్పి నిజమైతే వేద్దాం, పెద్దరికానికైతే వద్దని. పుస్తకాలు రాసే అమ్మాయి మూడోసారి ఇంటికెళ్లి, "అత్తా, పాత లెక్కలు నీకే తెలుసు, నువ్వు రాకపోతే ఎలా" అని బతిమాలి తీసుకొచ్చింది. వచ్చింది, కిందే కూర్చుంది.

డబ్బు ఇకమీదట లీడరు ఇంట్లో రాత్రి నిద్ర చేయకూడదని తీర్మానం అయింది. వసూలైన రోజే ఇద్దరు సభ్యులు వెళ్లి బ్యాంకు మిత్ర దగ్గర కట్టి, రసీదు ఫోటో సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరు కింద వీధి వాళ్లు కావాలి. ఈ మార్పు నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఇందులో లీడరు మీద అపనమ్మకం ఏమీ లేదు, ఆమెకు కాదనే దారి దొరికింది. మరిది మళ్లీ అడిగితే "నా దగ్గర లేవు బాబూ, రసీదు చూడు" అనగలదు. పెద్ద కోడలు కాదనలేని చోట నియమం కాదంటుంది, చుట్టరికం చెడదు. సంఘంతో పనిచేసేవాళ్లు ఎవరికైనా ధైర్యం నేర్పేముందు, ఆ ధైర్యం అక్కర్లేని ఏర్పాటు ఏదైనా ఉందేమో చూడాలని నా అభిప్రాయం.

బాకీ మరిది ఒప్పుకున్నాడు. సంఘం ముందు కాదు, గ్రామ సంఘం అధ్యక్షురాలి ఇంట్లో, తల్లి ఎదురుగా. సంఘం ముందుకు రమ్మంటే పరువు పోయిందని మొండికేసేవాడని సభ్యులే అన్నారు, ఆ మాట విన్నాను. మూడు వాయిదాలు అనుకున్నారు. రెండు వాయిదాలు పిక్కల సీజను చివర్లో ఇచ్చాడు. బ్యాంకు ఓవర్‌డ్యూ వరకు సభ్యులు పొదుపు నుంచి సర్ది కట్టారు, దాన్ని లీడరు కుటుంబం పేరుతో అంతర్గత అప్పుగా రాశారు. ఎవరి పేరుతో రాయాలన్నది గంటసేపు నడిచింది. లీడరు పేరుతో రాస్తే తిన్నది ఆమే అని పుస్తకం ఒప్పుకున్నట్టవుతుంది. మరిది సభ్యుడు కాదు. చివరికి అత్త, "నా పేరున రాసీండి" అంది. కొడుకు బాకీ తల్లి పేరున. తనూ సభ్యురాలే కదా, రెండు నెలలూ తెలిసీ మాట్లాడలేదు కదా అని ఎవరూ అనలేదు, ఆవిడే అనుకుని ఉంటుంది. సంఘంలో అత్తాకోడళ్లిద్దరూ ఉండటం వల్ల ఇంత గొడవ వచ్చిందన్నది నిజమే, ఆవిడ ఉండబట్టే పరిష్కారం దొరికిందన్నదీ నిజమే. ఒకరిని తీసేయమని నేను సిఫారసు చేయలేదు.

లీడరు మాత్రం పదవి వదిలేసింది. ఎవరూ తీసేయలేదు. లెక్క తేలాక తానే అంది, డయాలసిస్ రోజులతో మీటింగులకు పడదని. సభ్యులు ఉండమన్నారు, కొందరు మనస్ఫూర్తిగా, కొందరు మర్యాదకి. ఇప్పుడు పలాస వైపు ఒక జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే పనికి వెళ్తోంది, ఆసుపత్రి లేని రోజుల్లో. దారిలో కనబడితే ఇప్పటికీ కొందరు లీడరమ్మా అనే పిలుస్తారు.

కొత్త లీడరు డిగ్రీ చదివిన చిన్న వయసు కోడలు. ఫోన్‌పే, బ్యాంకు ఫారాలు, ఆన్‌లైన్ అన్నీ చకచకా చేస్తుంది. ఆర్జిత అంతస్తుకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆమె కిస్తీ ఆలస్యం గురించి అడిగితే పెద్దవాళ్లు, "నిన్న గాక మొన్న వచ్చిన గుంట, మాకు సెప్తాదేటి" అంటారు. ఇది చిన్న సమస్య కాదు. ప్రస్తుతానికి అడిగే పని పుస్తకాలు రాసే అమ్మాయీ, కింద వీధి సభ్యురాలూ కలిసి చేస్తున్నారు. కింద వీధి సభ్యురాలు గట్టిగా అడుగుతుంది. ఆమెకు అడ్డం వచ్చే చుట్టరికం ఎవరితోనూ లేదు.

కేసు ఫైలు ఇంకా మూయలేదు. మరిది మూడో వాయిదా వచ్చే సీజనులో రావాలి. కొత్త లీడరు అతనికి వరసకు మరదలు అవుతుందని ఈ మధ్యే తెలిసింది. అందుకని ఆ వాయిదా అడిగే బాధ్యత లీడరుకు కాకుండా గ్రామ సంఘానికి అప్పగించమని రాసి పంపాను.